వెనక్కి చూడమాక

కోటప్పకొండ మెట్లు ఎక్కినంతసేపూ ఒక్క కాకన్నా కనపడుతుందేమోనని ఆకాశం వంక చూస్తూ ఉండేవాణ్ణి. ఈ కొండ మీద కాకి వాలదని నాయనమ్మ చెప్పింది. కోతులు చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోయేవి, గద్దలు పైన తిరిగేవి. కాకి మాత్రం నాకెన్నడూ కనపడలేదు.

గొల్లభామ శాపం అది. కొండ కింద ఊళ్ళో గొల్లలింటి పిల్ల ఆనందవల్లి. రోజూ కొండెక్కి కోటయ్యస్వామికి పాలు పోసి వచ్చేది. ఎండల్లో ఒకనాడు ఓంగేరు నీళ్ళు అభిషేకానికి తెచ్చి కడవ దించితే, కాకి వాలి ఒలకబోసింది. "అంత దూరం మోసుకొచ్చిన నీళ్ళురా! కడుపు మండదా?" అనేది నాయనమ్మ. నెత్తిన సద్దిగంపతో ముప్పై ఏళ్ళు పొలాలకు నడిచిన మనిషి ఆమె. శాపం పెట్టడం తప్పని ఆమెకు ఏనాడూ అనిపించలేదు.

నరసరావుపేట దాటితే చాలు, మూడు శిఖరాలూ కనపడతాయి. బ్రహ్మ, విష్ణు, రుద్ర. పుస్తకాల్లో త్రికూటాద్రి అంటారు. మా ఇంట్లో మాత్రం 'కొండ' అంటే ఆ కొండే. 1172 నాటికే ఇక్కడ గుడి ఉందని దానశాసనాలు చెబుతున్నాయి. మెట్లు 1761లో నరసరావుపేట జమీందారు మల్రాజు నరసింహరాయణి కట్టించారు. గొల్లభామకు ఆ మెట్లు కూడా లేవు. రాళ్ళల్లో, ముళ్ళల్లో ఎక్కింది. కడుపుతో ఉండి కూడా ఎక్కింది. పెళ్ళికాని పిల్లకు కడుపేమిటని అడిగే వయసు కాదు నాది. ఆ బరువు ఒక్కటే అర్థమైంది.

చివరికి ఎక్కలేక, "నువ్వే దిగిరా సామీ" అని మొరపెట్టుకుంది. "నువ్వు ముందు నడువు. నేను వెనకాలే వస్తా. ఇల్లు చేరేదాకా వెనక్కి చూడమాక" అన్నాడు స్వామి. ఆయన అడుగు వేస్తే కొండ పగిలినంత చప్పుడు. బ్రహ్మశిఖరం దగ్గరికి వచ్చేసరికి ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయి, గుహలోకి వెళ్ళి లింగమయ్యాడు. పైన రుద్రశిఖరం మీదిది పాతకోటయ్య గుడి. జనం ఎక్కేది ఆమె తిరిగి చూసిన చోటికి.

"చూడకుండా ఉంటే దేవుడు మన ఊళ్ళోకే వచ్చేవాడుగా!" అని నేను గొల్లభామ మీద కోపం తెచ్చుకునేవాణ్ణి. నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "అంత చప్పుడైతే చూడదా మరి? సామి కాలుజారి పడ్డాడేమోనని చూసిందిరా." ఈ మాట తర్వాత నేను చదివిన ఏ స్థలపురాణంలోనూ లేదు. అది నాయనమ్మదే. నాకు మాత్రం అదే అసలు కథ.

ఇక్కడ స్వామికి కల్యాణం చెయ్యరు. దక్షిణామూర్తిగా, బ్రహ్మచారిగా ఉన్నాడు గనక. కల్యాణం లేకపోతేనేం, శివరాత్రికి వచ్చే ప్రభలు చాలవూ! తాటిచెట్లను మించిన ఎత్తు, రంగురంగుల గుడ్డలు, వాటి మీద వందల బల్బులు. పడిపోకుండా రెండు వైపులా మోకులు పట్టుకుని మగవాళ్ళు, ముందు ఎద్దులు. ఊరూరి నుంచీ ఒకటే కేక: "చేదుకో కోటయ్యా!" బావిలోంచి బొక్కెన చేదినట్టు మమ్మల్ని నీ కొండకు చేదుకో అని. దేవుణ్ణి అడగడానికి ఇంతకన్నా మంచి మాట నేను వినలేదు. నూతిలో ఉన్నవాడికి గానీ ఆ మాట తట్టదు.

నేను పదో తరగతిలో ఉండగా వచ్చిన శివరాత్రికి కూడా మెట్ల దారినే బయలుదేరాం. ముందు గొల్లభామకు దణ్ణం పెట్టాకే పైకి వెళ్ళాలి. దణ్ణం పెట్టి, నాయనమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

"నువ్వు పద నాయనా. నేను వెనకాలే వస్తా."

పది మెట్లు ఎక్కానేమో. తిరిగి చూశాను. కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని నా వంకే చూస్తోంది. దిగి వచ్చి పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు, కొబ్బరికాయ సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. చీకటి పడుతుంటే కింద ఒక్కో ప్రభకూ దీపాలు వెలిగాయి. ఆ ఏడు మేము పైకి వెళ్ళలేదు.