ఓమా అడవిలో గీతల వెంట

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, గెర్నికా పట్టణం దాటాక కోర్తెసుబి దగ్గర కొండెక్కాం. పైన్ చెట్ల మొదళ్ల మీద ఒకచోట పసుపు గీత, ఇంకోచోట ఎర్ర మచ్చ. ఏ చెట్టుకాచెట్టు చూస్తే ఏమీ అర్థం కాదు. నాలుగడుగులు పక్కకు జరిగాను. ముందు చెట్టు మీది గీత వెనక చెట్టు గీతను అందుకుంది, అది ఇంకా వెనకదాన్ని అందుకుంది. అడవికి అడ్డంగా ఒకే రంగుపట్టీ సాగిపోయింది. ఇంకో అడుగు వేసేసరికి చెదిరిపోయింది.

ఇది అగుస్తిన్ ఇబర్రోలా ఊహ. 1930లో బిల్బావో పక్కన బసౌరిలో పుట్టారాయన. 1957లో పారిస్‌లో మొదలైన ‘ఎకీపో 57’ బృందంలో ఒకరు. ఆకారాల కంటే వాటి నడుమ ఉండే స్థలం మీద ఆ బృందానికి పట్టింపు ఎక్కువ. ఫ్రాంకో నియంతృత్వంలో జైలుకెళ్లారు. తర్వాత ఓమా లోయలో కాపురముండి, 1982 నుంచి 1985 దాకా ఇంటి దగ్గరి అడవికి రంగులు వేశారు.

అడవి అన్నానుగానీ ఈ పైన్ ఆ నేలది కాదు. కాలిఫోర్నియా జాతి. మన కోస్తాలో సరుగుడు వేసినట్టు అక్కడ కలప కోసం వరసలుగా నాటారు. కొట్టేయడానికి పెంచిన చెట్లను ఆయన కాన్వాసుగా ఎంచుకున్నారు. దగ్గర్లోనే సాంతిమామిన్యే గుహ ఉంది. ఆదిమానవులు బొగ్గుతో గీసిన అడవిదున్నలు, గుర్రాలు అందులో ఉన్నాయి. ఆ పొరుగున బతికిన చిత్రకారుడికి కాగితం ఇరుకనిపించిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

బాస్క్ వేర్పాటువాద సాయుధ సంస్థ ఈటా హింసను ఆయన బాహాటంగా ఎదిరించారు. ఆ రోజుల్లో ఆయన రంగులు వేసిన చెట్ల మీద దాడులూ జరిగాయి. చివరికి వాటిని బతకనివ్వనిది మాత్రం ఆకులను ఎండగొట్టే శిలీంధ్రపు తెగులు. దాంతో బిస్కాయ ప్రాంతీయ ప్రభుత్వం దగ్గర్లోనే మరో తోపు ఎంచుకుని, బాస్క్ విశ్వవిద్యాలయ కళాకారులతో ఆ బొమ్మలను మళ్లీ వేయించింది. 2023 అక్టోబరులో అది తెరుచుకుంది. మరుసటి నెలలోనే ఇబర్రోలా 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అంటే నేను చూసిన గీతల్లో ఆయన చేతి గీత లేదు. అయినా దీన్ని నకలు అనడానికి నాకు మనసొప్పదు. ఆయన చిత్రం బెరడు మీద సగమే ఉంది, మిగతా సగం చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడంలో, చూసేవాళ్లు నిలబడే చోటులో ఉంది. కొత్త వాలులో, కొత్త ఎడాల్లో ఆ గీతలన్నీ మళ్లీ ఒకచోట కలవాలంటే ప్రతి మొదలు దగ్గరా కొత్తగా లెక్క చూసుకోవాల్సిందే. సాంతిమామిన్యే గుహలో అసలు బొమ్మలున్న భాగానికి సందర్శకులను పోనివ్వరు, వాటిని కాపాడే దారి అదే. చెట్టు అలా కాదు, లావెక్కుతుంది, బెరడు రాలుస్తుంది.

కళ్లు గీసిన చెట్ల గుంపు దగ్గర ఒక తండ్రి భుజాల మీద పిల్లాడు కూర్చుని ఉన్నాడు. వాడి ఎత్తు నుంచి గీతలు కలవడం లేదు కాబోలు, దించమని గోల. కిందికి దిగి, తనకు కుదిరే చోటు వెతుక్కుంటూ చెట్ల మధ్య పరుగెత్తాడు. తండ్రి మోకాళ్ల మీద కూర్చుని వాడి కంటి ఎత్తుకు వచ్చాడు.