కలుపు యంత్రములు

పొడిని ద్రవములో గలుపుట యెంతపాటి పని యని విద్యార్థులు తలంపవచ్చును. జావ కాచు తల్లులట్లు తలంపరు. మరుగుచున్న నీటిలో రాగిపిండిని దబ్బున గ్రుమ్మరించినచో నుండలు గట్టును. ఉండ పైపొర తడిసి బంకయై నీటిని లోనికి బోనీయదు. నడుమ పిండి పొడిగానే నిలిచియుండును. అందుచేతనే వారు పిండిని ముందుగా చన్నీట గలిపికొందురు. రంగులు, మందులు చేయు కర్మాగారములందును నిదే చిక్కు కలదు. అచ్చట పొడిని కొంచెము కొంచెముగా జల్లుచు, ద్రవమును విడువక త్రిప్పుచుందురు.

అయితే త్రిప్పినంతమాత్రమున గలియునా? గుండ్రని తొట్టి నడుమ రెక్కలచక్రము నొకే దిక్కునకు వడిగా ద్రిప్పినచో ద్రవమంతయు సుడి తిరుగును. నడుమ గుంట పడును. చూచువారికి చక్కగా గలియుచున్నట్లే తోచును గాని, బరువైన రేణువులు అడుగునను, తేలికయైనవి పైనను దమతమ త్రోవలనే తిరుగుచుండును. దీనికి విరుగుడుగా తొట్టి లోపలి గోడకు నిలువుగా నాలుగు పలకలు బిగింతురు. వాని వెడల్పు తొట్టి వ్యాసములో సుమారు 10వ వంతో, 12వ వంతో యుండును. సుడి వానికి దగిలి విరిగి, ద్రవము మీదికిని క్రిందికిని ప్రవహించును. మన కవ్వమునకు పలకల యక్కఱ లేదు. త్రాటిని ఒకసారి యిటు, ఒకసారి యటు లాగుటచే సుడి నిలద్రొక్కుకొనక మునుపే తిరుగబడును గదా! ఈ యుపాయమును మొదట గనిపెట్టిన యిల్లాలెవరో గాని, ఆమె మాకు మిక్కిలి పూజ్యురాలు.

రొట్టెపిండివంటి చిక్కని పదార్థములను సుడి కలుపజాలదు. వానిని యంత్రమైనను పిసుకవలసినదే.

ఇక కాంక్రీటు. పీపా తిరుగుచుండ, లోపలి రెక్కలు కంకరను, ఇసుకను, సిమెంటును నీటితోగూడ పైకెత్తి జారవిడుచును. మా పాఠశాలలో నూతనమైన గదికి కప్పు పోయునాడు మేము చెంత నిలిచి చూచితిమి. పనివారు బొక్కెనతో నీరు పోయుచునే యుండిరి. మిశ్రమము నునుపుగా జారుచు జూడ ముచ్చటగా నుండెను. మేము మేస్త్రీని పిలిచి లెక్క యడిగితిమి. సిమెంటునకును నీటికిని గల నిష్పత్తియే కాంక్రీటు బలమును ముఖ్యముగా నిర్ణయించునని 1918లో డఫ్ ఏబ్రమ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చూపెను. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు పోసిన నది సగము పాలు. మితిమీరిన నీరు పిదప నావిరియై పోవుచు, తానున్న చోట సూక్ష్మరంధ్రములను విడిచిపోవును. యంత్రమున కిది తెలియదు. ఎంత నీరు పోసినను ఒక్కరీతిగానే త్రిప్పును.

"గట్టిగా ఉంటే పని సాగదండీ, అయ్యగారూ" అని మేస్త్రీ గొణిగెను. ఆ కప్పు క్రింద 40 మంది పిల్లలు గూర్చుందురని మేము చెప్పితిమి. అతడు కొంతసేపు మాటాడక, బొక్కెనను ప్రక్కన బెట్టించి, కొలతడబ్బా తెప్పించెను. పీపాను ప్రతి తడవయు రెండు నిమిషములకు దక్కువగాక త్రిప్పించెను. కాంక్రీటు గట్టిగానే వచ్చెను. దానిని పఱచి కూరుటకు మఱి యిద్దఱు కూలీలు కావలసివచ్చిరి. పని ముగియునప్పటికి దీపములు పెట్టు వేళయైనది.