ఈశాన్యం మూల యాంటెన్నా

యాంటెన్నా అంటే నాకు చిన్నప్పట్నుంచీ మహా గౌరవం. కారణం మరేం లేదు, అది మా ఇంటిమీద లేకపోవడమే.

1983 ప్రాంతాల మాట. హైదరాబాదులో నల్లకుంటలో ఉండేవాళ్ళం. మా వీధి మొత్తానికి మూడంటే మూడిళ్ళ డాబాల మీద యాంటెన్నాలుండేవి. ఆ మూడిళ్ళ వాళ్ళూ నడిచే తీరే వేరుగా ఉండేది. పిల్లలమంతా చిత్రలహరి వేళకి కాళ్ళు కడుక్కుని, బుద్ధిమంతుల్లా వాళ్ళ గుమ్మంలో చేరేవాళ్ళం. ఆవిడ దయతలిచి లోపలికి రానిస్తే పాటలు, విసుక్కుంటే కిటికీ!

చివరికి 1985లో మా నాన్నగారు టీవీ కొన్నారు. అన్నయ్య డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు. అమ్మ టీవీ ముందు కూర్చునేది. అమ్మ గొంతు డాబామీదికి వినపడదు కనుక మధ్యలో మెట్లమీద నేను. “వచ్చిందా?” అని అన్నయ్య అరిస్తే నేను అమ్మకి చెప్పాలి. “వచ్చింది... అయ్యో, పోయింది!” అని అమ్మ అంటే నేను అన్నయ్యకి అందించాలి. అంటే మా ఇంటి రిలే కేంద్రాన్ని నేనన్నమాట. పై కొమ్మమీద కాకి వాలితే చాలు, బొమ్మ వొణికేది. అయినా ఆ సాయంత్రం వీధిలోకి వెళ్ళి మా డాబా వంక ఎన్నిసార్లు చూసుకున్నానో!

ఇంత గౌరవం ఉన్నదాన్ని, ఇరవైనాలుగేళ్ళ తరవాత అదే యాంటెన్నాని ఎవరికంటా పడకుండా అటకమీద దాచాను. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

2009 నాటికి మేం అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఉన్నాం. మన వాళ్ళు ఎంతమంది ఉన్న ఊరంటే, కూరల కొట్లో “ఏవండీ” అని పిలిస్తే నలుగురు మగాళ్ళు వెనక్కి తిరుగుతారు. ఆ జనవరిలో మావారి ఉద్యోగం పోయింది. అప్పుడు దేశమంతా అదే గాలి. పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసిన వాళ్ళు ఎందరో. మాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి దేశం వదలమని ఎవరూ అనలేదు. అంతవరకూ అదృష్టమే. కానీ ఇంటి వాయిదా, పిల్లల ఖర్చులు, వాటితోపాటు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరున్న అత్తగారూ!

అత్తగారికి సంగతి చెప్పలేదు. “వాళ్ళ ఆఫీసులో ఇంట్లోంచే పని చెయ్యమన్నారండీ” అన్నాను. స్నేహితులకీ చెప్పలేదు. మావారికి నామోషీ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయనకన్నా నాకే ఎక్కువ నామోషీ.

ఖర్చులు తగ్గించే పట్టీలో మొదటి బలి కేబుల్ టీవీ. తెలుగు చానళ్ళతో సహా తీసేయించాం. సాయంత్రం సీరియల్ వేళకి అత్తగారు రిమోట్ నొక్కి, నీలం తెర చూసి, “ఏవిటే అమ్మాయ్, కరెంటు పోయిందా?” అనడిగారు. “కేబుల్ వాళ్ళతో ఏదో తగువొచ్చిందండీ” అన్నాను. ఆవిడ మరేం మాట్లాడకుండా జపమాల తీసుకుని గదిలోకి వెళ్ళిపోయారు. నాకు మనసు చివుక్కుమంది. మామగారు పోయాక, దేశంకాని దేశంలో ఆవిడకున్న కాలక్షేపం అదొక్కటే మరి.

అప్పుడు కనిపెట్టారు మావారు. అమెరికాలో గాలిలో వచ్చే చానళ్ళు ఎప్పుడూ ఉచితమే. ఇంటిమీద యాంటెన్నా ఉంటే చాలు. కాకపోతే ఆ ఏడాది ఓ చిక్కొచ్చింది. పాత పద్ధతి ప్రసారాలు మానేసి అంతా డిజిటల్ చెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఫిబ్రవరి 17న అనుకున్న ముహూర్తం, జనం ఇంకా సిద్ధంగా లేరని జూన్ 12కి వాయిదా పడింది. మన పెళ్ళిముహూర్తాలే కాదు, వాళ్ళవీ మారతాయి! మా ఇంట్లో ఉన్నది లావుపాటి పాత టీవీ. దానికి డిజిటల్ భాష తెలీదు. మధ్యలో ఓ దుబాసీ కావాలి. ఆ దుబాసీయే కన్వర్టర్ పెట్టె.

ఆ పెట్టె కొనుక్కోవడానికి ఇంటికి రెండు చొప్పున, ఒక్కొక్కటి 40 డాలర్ల విలువచేసే కూపన్లు ప్రభుత్వమే పంపింది. తొంభై రోజుల్లో వాడుకోకపోతే చెల్లవు. రేషన్ కార్డు జ్ఞాపకమొచ్చింది నాకు. కూపను పోగా మిగిలింది చేతినుంచి వేసుకుని పెట్టె తెచ్చాం. మన ఉప్మా గిన్నె మూతంత ఉంటుందేమో, అంతే. యాంటెన్నా తీగ పెట్టెకి, పెట్టె తీగ టీవీకి తగిలించి, టీవీని మూడో చానల్లో పెట్టి వదిలెయ్యాలి. ఇక ఊరేగింపంతా పెట్టె రిమోట్‌తోనే. చానళ్ళు వెతకమని ఓ బొత్తాం నొక్కితే, అదే గాలంతా గాలించి జాబితా తయారుచేసుకుంటుంది.

మరి యాంటెన్నా ఎక్కడ పెట్టడం?

“కప్పు మీద” అన్నారు మావారు.

“ఇంకేమన్నా ఉందా! ఇళ్ళ సంఘం వాళ్ళు ఒప్పుకోరు” అన్నాను.

ఆయన ఊరుకోకుండా పుస్తకాలు తిరగేసి, ఎవరింటిమీద వాళ్ళు టీవీ యాంటెన్నా పెట్టుకుంటే సంఘాలు కాదనడానికి వీల్లేదని 1996లోనే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధన చేసిందని చూపించారు. నా సాకు ఊడిపోయింది. అసలు మాట బయటికొచ్చింది.

“ఎదురింటివాళ్ళు చూస్తే కేబుల్ ఎందుకు తీసేశారని అడగరూ? ఆ తరవాత ఉద్యోగం మాట రాదూ?”

ఆయన ముఖం చిన్నబోయింది. మాట్లాడకుండా యాంటెన్నాని అటకమీదికి ఎక్కించారు.

అత్తగారికి మాత్రం ఆ వ్యవహారం తెగ నచ్చింది. “ఎటు తిప్పుతున్నావురా?” అనడిగారు.

“న్యూయార్కు వైపమ్మా. అటునుంచే వస్తాయి. ఈశాన్యం.”

“ఈశాన్యమా! దేవుడి మూల. ఇహ తిరుగులేదు” అన్నారావిడ తృప్తిగా.

ఆ ఈశాన్యం సంగతి మావారు తల్లికి చెబుతుంటే నేనూ విన్నాను. పూర్వం న్యూయార్కు టీవీ కేంద్రాలు చాలా వరకు వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తరపు భవనం నెత్తిమీదినుంచే ప్రసారం చేసేవట. 2001 సెప్టెంబర్ 11న ఆ భవనం కూలినప్పుడు యాంటెన్నా పెట్టుకున్న ఇళ్ళలో ఒక్కటొక్కటిగా చానళ్ళు ఆగిపోయాయి. అక్కడ విధుల్లో ఉన్న ప్రసార ఇంజనీర్లు ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరవాత ఎంపైర్ స్టేట్ భవనమే దిక్కయింది. అత్తగారు విని, “బొమ్మ రాలేదని విసుక్కుంటాం గానీ, అవతల మనిషి ఉంటాడని అనుకోం” అన్నారు. ఆ మాట నాలో నిలిచిపోయింది.

సరే, చానళ్ళొచ్చాయి. 2, 4, 5, 7, 9, 11, 13. ఒక్కోదానికీ చుక్కపెట్టి పిల్ల చానళ్ళు, 13.1, 13.2 అంటూ. తెలుగు లేదు గానీ బొమ్మ మాత్రం అద్దంలా ఉంది. పూర్వంలా చీమలు పాకడం, మనిషి వెనక మరో నీడ నిలబడడం లేవు.

అత్తగారు వారం రోజుల్లో తన చానల్ ఎంచుకున్నారు. రెండో చానల్లో పగలు పదకొండింటికి ‘ద ప్రైస్ ఈజ్ రైట్’ అని వస్తుంది. వస్తువు చూపించి ధర చెప్పమంటారు. దగ్గరగా చెప్పినవాళ్ళకి బహుమతి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలకి భాషేమిటి? ఆవిడ నెలరోజుల్లో ఎంత ఆరితేరారంటే, నేను కొట్టునుంచి సంచి తెచ్చి బల్లమీద పెట్టగానే, “ఆ సబ్బు పొడికి ఎంతిచ్చావు?” అనేవారు. చెబితే, “రెండు డాలర్లు ఎక్కువిచ్చావు. యాభై పెట్టి హెచ్చవేసుకో, వంద రూపాయలు నీళ్ళలో పోశావు” అనేవారు. మావారు తల్లి పక్కనే కూర్చుని పందెంవేసి ఓడిపోతూండేవారు. ఆ గంటసేపూ ఇంట్లో నవ్వులు వినబడేవి. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి!

జూన్ 12 వచ్చింది, పాత ప్రసారాలు ఆగిపోయాయి. మనకు పెట్టె ఉందిగా అని నిశ్చింతగా ఉన్నాం. మర్నాడు చూస్తే 7, 11, 13 మాయం! ఆ రోజునుంచి అవి వేరే తరంగాల మీదికి మారాయట. మళ్ళీ వెతికించాం. దొరికాయి గానీ అటకమీది యాంటెన్నాకి బలం చాలలేదు. దానికి తోడు ఎండలు, బయట చెట్ల గుబురు. డిజిటల్‌తో ఉన్న పెంకితనమేమిటంటే, ఉంటే పూర్తిగా ఉంటుంది, పోతే పూర్తిగా పోతుంది. పూర్వం చుక్కల మధ్యనైనా వార్తలు వినేవాళ్ళం. ఇప్పుడు మనిషి ముఖం గచ్చు పలకలు ఊడినట్టు ముక్కలై, గొంతు మింగుడుపడి, అక్కడే బిగుసుకుపోతుంది.

సరిగ్గా ఒక సోమవారం, ఒకావిడ కారు ధర చెప్పబోతూ నోరు తెరిచింది. అలాగే ఉండిపోయింది. అయిదు నిమిషాలైనా ఆ నోరు మూతపడలేదు.

“ఆ కర్రల పెట్టె కప్పుమీద పెట్టక అటకమీద ఎందుకు పెట్టార్రా?” అన్నారు అత్తగారు.

మావారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

“నలుగురూ చూస్తారనండీ” అన్నాను నెమ్మదిగా.

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“రామాయణం వచ్చే రోజుల్లో మీ మామగారు టీవీ కొన్నారు. యాంటెన్నా గొట్టం ఇంకో రెండడుగులు ఎక్కువ వేయించారు, సత్యనారాయణపురం అంతటికీ కనిపించాలని. ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా మా హాల్లోనే. నేను చాపలు పరచలేక చచ్చేదాన్ని. ఆ టీవీ బాకీ పధ్నాలుగు నెలలు తీర్చాం. అది ఎవరికీ తెలీదు. అప్పుచేసి పెట్టినదాన్ని ఊరందరికీ చూపించుకున్నాం. అప్పులేకుండా పెట్టుకున్నదాన్ని మీరు దాచుకుంటారా?”

నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్ళీ అన్నారు:

“వాడికి ఉద్యోగం లేదని నాకు తెలీదనుకున్నారా ఇద్దరూ? ఉద్యోగమున్న మగాడు సోమవారం పదకొండింటికి తల్లి పక్కన కూర్చుని సబ్బు పొడి ధర చెప్పడమ్మా.”

మావారు నవ్వబోయారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆరు నెలల్లో మొదటిసారి ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. అత్తగారు ఆయన తలమీద చెయ్యి వేసి, “ఆదివారం నిచ్చెన తెచ్చుకో” అన్నారు, అంతే.

ఆదివారం వచ్చింది. మావారు కప్పుమీద, అత్తగారు లోపల టీవీ ముందు, గుమ్మంలో నేను. మళ్ళీ అదే ఉద్యోగం!

“వచ్చిందా?”

“వచ్చింది... కొంచెం కుడికి... అయ్యో, పోయిందంటున్నారు!”

వీధంతా మారుమోగిపోయింది. ఎదురింటాయన తలుపు తీసి, ఓ నిమిషం చూసి, పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నారు. “మా వరంగల్‌లో యాంటెన్నా తిప్పే డ్యూటీ నాదేనండీ, మీరిటు దిగండి” అని తనే ఎక్కేశారు. నేను రెండు నెలలుగా ఎవరి కళ్ళకి భయపడ్డానో ఆయనే! పది నిమిషాల్లో ఏడో చానల్‌తో సహా అన్నీ వచ్చాయి.

కాఫీలు తాగుతుండగా మావారు తనంతట తానే చెప్పేశారు. ఎదురింటాయన ఆశ్చర్యపోలేదు. “ముందే చెప్పకూడదండీ? మా ఆఫీసులోనూ సగం మందిని పంపేశారు. రోజూ నా వంతు ఎప్పుడా అనుకుంటూ వెళ్తున్నాను” అన్నారు. వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని, “మేం కూడా కేబుల్ తీసేశాం వదినా, మీకు తెలిస్తే ఏమనుకుంటారోనని చెప్పలేదు” అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వాం. ఆ సాయంత్రం మా రెండో కూపను మీద తెచ్చిన పెట్టె వాళ్ళింటికి వెళ్ళింది.

ఎదురింటాయన ఇచ్చిన పేర్లలో మూడోచోట, నవంబరులో మావారికి ఉద్యోగం దొరికింది. మొదటి జీతం రాగానే “తెలుగు చానళ్ళు పెట్టించమంటారా?” అని అత్తగారినడిగాను. “పెట్టించు గానీ, ఆ ధరల ఆట పోకూడదు” అన్నారు.

ఇదంతా పాత కథ. కొత్త టీవీల్లో ఆ దుబాసీ లోపలే ఉంటాడు గనుక పెట్టె మా బీరువాలో చేరింది. 2017 నుంచి కొన్ని న్యూయార్కు చానళ్ళు తిరిగి వరల్డ్ ట్రేడ్ సెంటర్ చోట కట్టిన కొత్త భవనం మీదికి చేరాయి. మన దేశంలోనేమో దూరదర్శన్ పాత పద్ధతి ప్రసార కేంద్రాలు, కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, 2022 నాటికి మూతపడ్డాయి. నల్లకుంట డాబాల మీద ఇప్పుడు యాంటెన్నా కోసం వెతికినా కనపడదు. ఇక్కడ మాత్రం నెలనెలా కట్టే బిల్లులు పెరిగి, ఏది ఎందుకు కడుతున్నామో తెలీక, జనం మళ్ళీ యాంటెన్నా దారి పట్టారు. పోయిన నెల ఓ స్నేహితురాలు ఫోన్ చేసి, “మీ ఇంటిమీద ఉంది చూడండి, అలాంటిది మాకూ కావాలి. ఏ వైపు తిప్పాలి?” అనడిగింది.

“ఈశాన్యం” అన్నాను దర్జాగా.

అత్తగారు విజయవాడలో ఉన్నారు. ఎనభై దాటాయి. ఈ సంగతి ఫోన్‌లో చెబితే ఎంతో సంతోషించి, వెంటనే అడిగారు: “అది సరేగానీ, ఆ కారు ధర ఎంతో చివరికి తెలిసిందిటే?”