నల్లమల నడకకు ముందు, నడకలో

26 జనవరి 2025, ఆదివారం, కొండాపూర్

ఫిబ్రవరి 26న శివరాత్రి. ఈసారి బస్సులో కాకుండా, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిదారిన నడిచి శ్రీశైలం చేరాలని నేనూ, మా టీములోని ఇద్దరు అబ్బాయిలూ అనుకున్నాం. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. రెండు రోజుల నడక.

సాయంత్రం బూట్ల కోసం మాదాపూర్ వెళ్లాను. రోజంతా తిరిగితే పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి కొలత సాయంత్రమే చూసుకోవాలి. షాపు నిండా హిమాలయాల సరుకే. మంచుకు ఆగే జాకెట్లు, చీలమండ దాటే వాటర్‌ప్రూఫ్ బూట్లు. ఫిబ్రవరి చివర నల్లమలలో మనకు ఎదురయ్యేవి ఎండ, రాయి, దప్పిక. నీళ్లను లోపలికి రానివ్వని బూటు చెమటను బయటికి పోనివ్వదు, తడిసిన పాదం బొబ్బలెక్కుతుంది. గాలి ఆడే గుడ్డ బూట్లు తీసుకున్నాను, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేలా. నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచుతాయని సింథటిక్‌వి రెండు జతలు.

2 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున్నే ఖాజాగూడ గుట్టల మీద కొత్త బూట్లు పరీక్షించాను. ఐటీ టవర్లకు కూతవేటు దూరంలో ఇంత పాత గ్రానైటు ఉండడం మన అదృష్టం, దాన్ని తొలిచేయకుండా కాపాడుకోవాలి. నున్నటి వాలు మీద అడుగు పూర్తిగా ఆనించి దిగితే పట్టు బాగానే ఉంది. మడమ దగ్గర కాస్త ఒరుసుకుంటోంది. వేడిగా అనిపించగానే, బొబ్బ లేవకముందే, అక్కడ టేపు వేయాలి. బొబ్బ లేచాక చేసేదంతా ఉపశమనమే.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఆత్మకూరు మేనత్తకు ఫోన్ చేశాను. ఆ దారి ఆమెకు బాగా తెలుసు.

“దారిలో అన్నదానాలుంటాయి పాపా, తిండికేం కరువు లేదు. అయితే అన్నదానం కాడికి పోయేదాంక ఆకలి ఆగదు కదా. పెరుగన్నం మాత్రం కట్టుకోవద్దు, ఎండకు పులిసిపోతాది.”

“మరి ఏం పెట్టుకోమంటావత్తా?”

“జొన్నరొట్టెలు కరకరలాడేట్టు కాల్చుకో. నువ్వుల పొడి, బెల్లం, శనగవిత్తనాలు. ఇంకేం కావాల?”

లెక్క చూసినా ఆమె మాటే నిలుస్తోంది. గ్రాము కొవ్వుకు 9 కిలోకేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4. వేరుశనగ బరువులో దాదాపు సగం నూనే. అంటే తక్కువ బరువులో ఎక్కువ బలం. ఆఫీసు ప్యాంట్రీలో దొరికే చాక్లెట్ పూత బార్లు ఆ ఎండకు కరిగి ముద్దవుతాయి. తిండి విషయంలో నాదొకటే నియమం: కడుపుకు అలవాటు లేనిది అడవిలో మొదలుపెట్టకూడదు.

12 ఫిబ్రవరి, బుధవారం

రాత్రి సంచి వీపున వేసుకుని మా అపార్ట్‌మెంట్ మెట్లు దిగాను. ఎక్కేటప్పుడు లిఫ్టు. ఎక్కడం ఊపిరిని అలయిస్తుంది, దిగడం మోకాళ్లను తినేస్తుంది. భీముని కొలను లోయలోకి దిగే రాతిమెట్లకు తొడల కండరాలను ఇప్పటినుంచే అలవాటు చేయాలి.

తిరిగొచ్చాక మల్లి మస్తాన్ బాబు గురించి చదువుతూ కూర్చున్నాను. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం బిడ్డ. మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సత్యంలో. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటి మనిషి 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట రాసుకుంటున్నాను: మా ముగ్గురిలో ఎవరూ ఏ క్షణంలోనూ ఒంటరిగా నడవకూడదు. వేగం తక్కువున్నవాళ్లే ముందు నడవాలి.

16 ఫిబ్రవరి, ఆదివారం

సంచి తూకం వేశాను. లీటరు నీళ్లంటే కిలో బరువు. మనిషికి మూడు లీటర్లు. ఆ బరువు తగ్గించుకునే ప్రశ్నే లేదు, అందుకే మిగతావి తీసేశాను. టెంటు వద్దు, దుప్పటి చాలు. శివరాత్రి అమావాస్య ముందు రోజు కనుక ఆ రాత్రుళ్లలో చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. తలకు కట్టుకునే లైటు, అదనపు బ్యాటరీలు ఉండి తీరాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు నీటికి సమంగా తీసిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం రెండూ ప్రమాదమే. కాలు కదలకుండా ఉంచి, విరుగుడు మందున్న ఆసుపత్రికి మోసుకెళ్లడమే వైద్యం.

22 ఫిబ్రవరి, శనివారం, ఆత్మకూరు

దారంతా అందరి ఫోన్లలో ఒకటే వార్త. దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సాగునీటి సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. మనం ఇష్టపడి అడవికి వెళ్తున్నాం, వాళ్లు పని కోసం కొండ కిందికి వెళ్లారు. అన్నం సహించలేదు.

23 ఫిబ్రవరి, ఆదివారం, పెద్దచెరువు

తెల్లవారకముందే బయలుదేరాం. మధ్యాహ్నానికి మాలో చిన్నవాడు తల తిరుగుతోందని కూలబడ్డాడు. చేయి పట్టుకుంటే చల్లగా, చెమటతో జారిపోతోంది. పేరు, ఊరు అడిగితే సరిగ్గా చెప్పాడు. అదే నాకు ధైర్యం. మాట తడబడి ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ, అప్పుడు క్షణం ఆగకూడదు. నీడలో పడుకోబెట్టి కాళ్లు సంచి మీద ఎత్తి పెట్టాం. మెడకు తడిగుడ్డ వేసి, ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా పట్టాం. పొద్దుటి నుంచి వట్టి నీళ్లే తాగాడట, ఉప్పు అన్నది నోట పడలేదు. గంటలో ముఖంలో కళ వచ్చింది.

వచ్చి పోయేవాళ్లు “లేవండి, ఈ రాత్రికే కొలను దాటేద్దాం” అన్నారు. వాళ్ల భక్తికి నమస్కారం. కానీ చీకట్లో ఆ మెట్లు దిగడానికి నేను ఒప్పుకోలేదు. ఇక్కడే పడుకుంటున్నాం. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోమని ఇద్దరికీ చెప్పాను.

24 ఫిబ్రవరి, సోమవారం, శ్రీశైలం

ఎండ ఎక్కకముందే కొలను దిగాం. ఎదురుగా నిలువు మెట్లు. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చదివాను. ఏ రాజు వేయించిన రాయైనా, దాని మీద అడుగు ఆనిన ప్రతిసారీ వేయించిన చేతులకు దండం పెట్టాలనిపించింది. చిన్నవాణ్ని ముందు నడిపించాం. కైలాసద్వారం చేరేసరికి వాడి సీసాలో ఇంకా పావు లీటరు ఉంది. మల్లన్న దర్శనం అయింది.

తమ్ముడు చైత్ర పౌర్ణమికి, ఏప్రిల్ 12న, సలేశ్వరం జాతరకు వెళ్తాడట. అప్పటికి ఎండ ఇంకా ముదురుతుంది. రాత్రికి వాడికి ఫోన్ చేయాలి: నాలుగు లీటర్లు, టోపీ, ఉప్పు వేసిన పల్లీలు, ప్లాస్టిక్ వద్దు, పొద్దు గూకేలోగా లోయలోంచి పైకి వచ్చేయాలి.