మారేడుమిల్లి దారిలో ఆగిన మీటరు

మారేడుమిల్లి, రాత్రి

అక్కా,

ఒళ్లంతా పులిసిపోయింది, అయినా రాయకుండా పడుకోలేను. రంపచోడవరంలో వాన పట్టుకుంది, అక్కడే సైకిల్ మీటరు ఆగిపోయింది. గడియారం నడుస్తోంది, స్పీడు మాత్రం సున్నా. నాన్న ఈపాటికి పుస్తకం తెరిచి నా కిలోమీటర్ల కోసం కూర్చుని ఉంటాడు. ఆ దిగులే ఎక్కువగా ఉంది.

ఆకలి మీద బొంగులో చికెన్ తిన్నాను. చుక్క నూనె వెయ్యరట. వెదురుబొంగులోంచి ఆకులోకి వంచగానే ముక్కకి పట్టిన ఆ పొగ వాసన! అమ్మ చేసే కోడికూర కంటే బాగుందన్నానని మాత్రం అమ్మకి చెప్పకు.

తిన్నాక మీటరు ముందేసుకున్నాను. అంకెలు నల్లగా స్పష్టంగానే ఉన్నాయి, కాబట్టి బ్యాటరీ మీద అనుమానం లేదు. అయినా తడి ఆరాలని దాన్ని తీసి తుడిచి పెట్టాను. మీటరు వెనకున్న రెండు లోహపు చుక్కల్ని పిన్నీసుతో టకటకా కలిపితే స్పీడు అంకె లేచింది! అంటే మీటరు బాగానే ఉంది, జబ్బు కింద ఎక్కడో ఉంది. స్పోకుకి బిగించిన అయస్కాంతం గతుకులకి జారిందేమోనని చూశాను. జారలేదు. ఫోర్కు మీది సెన్సారుకి ఎదురుగానే ఉంది, మధ్య సందు రెండు మిల్లీమీటర్లు. ఆ సెన్సారులో ఒక గాజుగొట్టం, అందులో రెండు సన్నని రేకులు ఉంటాయి. అయస్కాంతం దాటినప్పుడల్లా అవి అతుక్కుని విడిపోతాయి. మీటరు లెక్కపెట్టేది ఆ అతుకునే.

ఇక మిగిలింది తీగ. కళ్లు మూతలు పడుతున్నాయి.

చింతూరు, మర్నాడు సాయంత్రం

దొరికిందే అక్కా! పొద్దున ముందు చక్రం పైకెత్తి తిప్పుతూ హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాను. కుడికి తిప్పితే అంకె వస్తోంది, ఎడమకి తిప్పితే పోతోంది. తీగని హ్యాండిల్ కింద మరీ బిగించి కట్టాను. మలుపు మలుపుకీ లాగి లాగి, పైతొడుగు చెక్కుచెదరకుండా లోపలి రాగి తెగింది. బ్లేడూ టేపూ లేక ఘాటు రోడ్డంతా లెక్క లేకుండానే దిగాను.

ఇక్కడ పంక్చర్లేసే పెద్దాయన తొడుగు గీకి, వెంట్రుకల్లాంటి రాగిపోగుల్ని వేళ్ల మధ్య పేని, రెండు తీగలకీ విడివిడిగా టేపు చుట్టాడు. ఏది దేనికని అడిగితే, "ఇది ఒట్టి స్విచ్చే బాబూ, ఎటు కలిపినా ఒకటే" అన్నాడు. డబ్బులు పుచ్చుకోనంటే గొడవపడి టీ తాగించాను. తీగ ఈసారి వదులుగా కట్టాను.

బ్యాటరీ తీసినందుకు చక్రం కొలత పోయి 2096 మిల్లీమీటర్లకి వచ్చేసింది. నా 700×35 టైరుకి 2168 ఉండాలి. చూసుకోకపోతే వందకి మూడు కిలోమీటర్లు పైనే తక్కువ చూపించేది. సరిచేసి, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో పోల్చాను, సరిపోయింది.

ఎండ కాసింది, శబరి నిండుగా ఉంది. రేపు భద్రాచలం.

నాన్నతో చెప్పు: రంపచోడవరం నుంచి చింతూరు దాకా గడి ఖాళీగా వదిలెయ్యమను. అంచనా వేసి నింపొద్దని గట్టిగా చెప్పు.