జ్వరం దిగిందని ఏమరుపాటు వద్దు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నీళ్లకు కటకట కాబట్టి డ్రమ్ముల్లో, తొట్లలో పట్టి పెట్టుకోక తప్పదు. డెంగీ దోమకు కావాల్సింది మురుగు కాదు, ఆ నిలవ నీళ్లే. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, అంచులు రుద్ది కడగాలి. గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి. అయినా దోమ కుట్టి పిల్లలకు డెంగీ వస్తే, అసలు గండం జ్వరం మొదలైన 3 నుంచి 7వ రోజు మధ్య, అది దిగే వేళే మొదలవుతుంది. అప్పుడే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరుతుంది.

‘ప్రతి జ్వరానికీ కర్నూలు పెద్దాసుపత్రికి పరిగెత్తగలమా?’ అంటారు. అక్కర్లేదు. దగ్గర్లోని డాక్టరుకు చూపించి, జ్వరం దిగిన ఆ 2 రోజులు బిడ్డను కనిపెట్టుకుని ఉంటే చాలు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడ్డ చేతులు, మగత, 6 గంటలైనా ఉచ్చ పోయకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఇవి కళ్లబడవు.