బెంగళూరులో మన అవిసె వైరస్

తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో అవిసె చెట్టును ఎరగనివాళ్లుండరు. తమలపాకు తోటల్లో తీగకు ఆసరాగా నాటుతారు. లేత ఆకును కూర వండుకుంటారు, ముదిరినదాన్ని పశువులకు కోసి వేస్తారు. ఈ చెట్టు ఆకుల మీద లేతపసుపు, ముదురాకుపచ్చ మచ్చలు కలగాపులగంగా పరుచుకునే తెగులు ఒకటుంది. దానికి కారణమైన వైరస్‌ను వేరుచేసి, దాని లక్షణాలను 1982లో శాస్త్రలోకానికి చెప్పినవాళ్లు శ్రీనివాసులు, నాయుడు అనే పరిశోధకులు. పేరు సెస్బేనియా మొజాయిక్ వైరస్. ఆ తర్వాత 1995లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలు ఆ వైరస్ నిర్మాణాన్ని 3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో తేల్చాయి. మన దేశంలో తేలిన తొలి వైరస్ నిర్మాణాల్లో ఇదొకటి. మన పెరటి చెట్టు మీది తెగులును అణువుల స్థాయిలో చూసిన చోటు ఎలా ఉంటుందో చూడాలని నేను బెంగళూరు వెళ్లాను.

తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా బస్సు ప్రయాణం. దారి పొడవునా కర్రలు పాతి తాళ్లు కట్టిన టమాటా తోటలు. అక్కడక్కడా ఆకులు ముడుచుకుపోయిన మడులు కూడా కనిపించాయి. అది తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్. నేను వెళ్తున్న పనికి, ఆ రైతు బాధకు మధ్య దూరం ఎంతో తక్కువని అప్పుడే అనిపించింది.

బెంగళూరులో ఆటోవాళ్లకు ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అంటే చాలు. జంషెడ్‌జీ టాటా సంకల్పంతో, మైసూరు సంస్థానం ఇచ్చిన భూమిలో 1909లో మొదలైన సంస్థ ఇది. గేటు దాటితే నగరం రొద వెనకబడిపోతుంది. రాతి గోపురంతో ప్రధాన భవనం, ముందు టాటా విగ్రహం, రెండువైపులా పెద్ద పెద్ద చెట్ల నీడ. అక్కడి నుంచి మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్‌కు నడిచాను. ప్రొటీన్ల మలుపుల మీద ప్రపంచమంతా వాడే పటాన్ని ఇచ్చిన జి.ఎన్. రామచంద్రన్ ఈ విభాగాన్ని నెలకొల్పారు.

నాకు అన్నీ చూపించిన పరిశోధక విద్యార్థిని ప్రొద్దుటూరు అమ్మాయి. తెలుగు వినగానే ఆమె ముఖం విప్పారింది. ‘ముందు యంత్రాలు వద్దు సార్, మొక్కల దగ్గర మొదలుపెడదాం’ అంది. ఆ మాటతోనే నాకు ఈ శాస్త్రం మీద గౌరవం పెరిగింది. కుండీల్లో లేత అవిసె మొక్కలున్నాయి. ఆకు మీద సన్నటి కార్బోరండం పొడి చల్లి, వైరస్ ఉన్న రసంతో వేలితో మెల్లగా రుద్దుతారు. పొడి గీసిన కంటికానని గాట్లలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. రెండు మూడు వారాలకు మచ్చలు తేలతాయి. ఆ ఆకులే పరిశోధనకు ముడిసరుకు.

కోసిన ఆకును చల్లటి బఫర్‌లో వేసి మిక్సీ పట్టి, గుడ్డలో వడకడతారు. పచ్చటి రసంలో ఆకు పదార్థమంతా ఉంటుంది, వైరస్ అందులో లేశమాత్రం. ఆకుపచ్చదనాన్ని, కొవ్వు పదార్థాలను సేంద్రియ ద్రావణితో విడగొడతారు. పాలిఇథిలీన్ గ్లైకాల్, ఉప్పు కలిపి చల్లని గదిలో ఉంచితే వైరస్ అడుక్కు దిగుతుంది. ఆ మడ్డిని మళ్లీ కరిగించి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. గొట్టాలను ఎదురెదురు జతలుగా తూచి సమం చేయకుండా ఆ యంత్రం మూత వేయరు. నిమిషానికి పాతికవేల చుట్లకు పైగా తిరిగే రోటర్‌లో కొంచెం బరువు తేడా ఉన్నా ప్రమాదమే. ఆ అమ్మాయి చుక్క చుక్కగా బఫర్ వేస్తూ రెండు గొట్టాలను తూకానికి తెచ్చిన తీరు నేను కళ్లు తిప్పకుండా చూశాను.

ఆ రోజంతటిలో నా మనసులో నిలిచిపోయింది తర్వాతి మెట్టు. పైన పలచగా, అడుగున చిక్కగా ఉండేట్టు పోసిన చక్కెర ద్రావణం మీద వైరస్ ద్రవాన్ని మెల్లగా వదిలి తిప్పుతారు. ఏ రేణువైనా తన బరువుకు, ఆకారానికి తగిన లోతుకు దిగుతుంది. గదిలో దీపాలార్పి, గొట్టం మీదికి పైనుంచి సన్నటి వెలుగు వేసింది. ‘ఇక్కడ చూడండి సార్.’ గొట్టం నడుమ వేలి మందాన ఒక పట్టీ, సాంబ్రాణి పొగలాంటి లేత నీలిరంగులో మెరిసింది. చిన్న చిన్న రేణువులు వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చిన రంగది. బుట్టెడు ఆకు నుంచి మిగిలిన శుద్ధమైన వైరస్ అదే. ఒక్కొక్కటిగా కంటికి కనపడనివి, కోట్లు కలిసి తామున్నామని చూపిస్తున్నాయి. సిరంజి సూదితో ఆ పట్టీని మాత్రం లాగి, అతినీలలోహిత కాంతిలో ఎంత ఉందో కొలిచారు.

ఈ వైరస్ అడ్డకొలత సుమారు 30 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు పొడవులో 30 వేలకు పైగా పడతాయి. కంటికి కనపడే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు కాబట్టి మామూలు సూక్ష్మదర్శినికి ఇది అందదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. మూడు మిల్లీమీటర్ల రాగి గ్రిడ్ మీద చుక్క వేసి, యురేనియం లవణంతో చుట్టూ రంగు పట్టిస్తే, నల్లటి నేపథ్యంలో తెల్లటి గుండ్రని రేణువులు ఒకే కొలతలో కనిపించాయి. వైరస్ చెడకుండా ఉందని ధైర్యం చెప్పడానికి ఇది చాలు. అణువుల అమరిక తెలియాలంటే చాలదు.

దానికి స్ఫటికం కావాలి. వైరస్‌ను స్ఫటికంగా మార్చవచ్చని 1935లో పొగాకు మొజాయిక్ వైరస్‌తో వెండెల్ స్టాన్లీ చూపాడు. పద్ధతి వినడానికి సులభం. గాజు పలక కింద వేలాడే చిన్న వైరస్ చుక్క, దాని కింద ఉప్పో గ్లైకాలో ఉన్న ద్రావణం, చుట్టూ గాలి చొరబడకుండా గ్రీజు. చుక్కలోని నీరు నెమ్మదిగా ఆవిరై కింది ద్రావణంలో చేరుతుంది, వైరస్‌లు దగ్గరకు జరిగి వరసలు కడతాయి. ఆ నెమ్మదే అసలు కష్టం. ఆమె సూక్ష్మదర్శిని కింద పెట్టిన చుక్కలో అంచులు నిక్కచ్చిగా తేరిన స్ఫటికం ఒకటుంది. 0.3 మిల్లీమీటర్ల స్ఫటికమైతే ఒక్కో అంచున పదివేల చొప్పున, మొత్తం లక్ష కోట్ల వైరస్‌లు ఒకే తీరున నిలబడినట్టు. ఆ లెక్క వేసుకుంటే ఒళ్లు జలదరించింది.

ఎక్స్-రే గదిలో ఆ స్ఫటికం మీదికి సుమారు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యమున్న కిరణాన్ని వదులుతారు. ఫలకం మీద పడేది వైరస్ బొమ్మ కాదు, వేల కొద్దీ చుక్కలు. ప్రతి చుక్క ఎంత గాఢంగా ఉందో కొలవవచ్చు. కానీ ఆ తరంగం ఏ దశలో వచ్చిందో ఫలకం చెప్పదు. దశ లేకుండా నిర్మాణం లెక్కకు రాదు. ఇక్కడ ఇంకో మొక్క వైరస్ ఆదుకుంది. చిక్కుడు జాతి పంటకు సోకే సదరన్ బీన్ మొజాయిక్ వైరస్ నిర్మాణాన్ని 1980లో అమెరికాలోని పర్‌డ్యూలో మైకేల్ రాస్‌మన్ బృందం తేల్చింది. ఆ నమూనాను తొలి ఊహగా పెట్టుకుని, అవిసె వైరస్‌ను ముందు 4.7 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద, తర్వాత 3 వద్ద విప్పారు. వైరస్‌లోని సౌష్ఠవం వల్ల ఒకే భాగం పదేపదే వస్తుంది. ఆ భాగాలన్నిటి సగటు తీస్తూ పోతే తొలి ఊహలోని తప్పులు రాలిపోయి అసలు రూపం తేలుతుంది. కట్టిన నమూనా సరిగా ఉందో లేదో చివరన రామచంద్రన్ పటంతోనే సరిచూస్తారు.

తెరమీద ఆ రూపాన్ని తిప్పి చూపించారు. ఇరవై త్రిభుజ ముఖాల ఘనరూపం, ఒకే ప్రొటీన్ 180 ప్రతులు కలిసి కట్టిన పెంకు. ఒకే ప్రొటీన్ అయినా మూడు రకాల స్థానాల్లో కొంచెం కొంచెం ఒదిగి సర్దుకుంటుంది. ఇలాంటి అమరిక ఎలా సాధ్యమో కాస్పర్, క్లూగ్ 1962లోనే వివరించారు. ప్రొటీన్ల అతుకుల దగ్గర కాల్షియం అయాన్లున్నాయి. వాటిని తీసేస్తే పెంకు బలం తగ్గుతుంది. లోపలి వైపు ధనావేశమున్న తోకలు ఆర్ఎన్ఏను పట్టుకుంటాయి.

చూడటంతో పని అయిపోదని నాకు తెలిసింది అక్కడే. పెంకు ప్రొటీన్ జన్యువును ఇ. కోలి బాక్టీరియాలో పెడితే, మొక్క అవసరం లేకుండానే ఆ ప్రొటీన్ తనంతట తాను గోళాలు కడుతుంది. దాని తోకలోంచి 65 అమైనో ఆమ్లాలు కత్తిరిస్తే 180 ప్రతుల గోళం రాదు, 60 ప్రతులతో చిన్న గోళం వస్తుంది. పెంకులో ఉంగరంలా అల్లుకున్న ఒక భాగం ఉంది. పెద్ద గోళానికి ఆ ఉంగరమే కీలకమని బొమ్మ చూసినవాళ్లెవరికైనా అనిపిస్తుంది. దాన్ని తీసేసి చూస్తే పెద్ద గోళం వచ్చింది! కంటికి ముఖ్యమనిపించింది నిజంగా ముఖ్యమో కాదో కత్తిరించి చూస్తేనే తేలుతుంది. ఈ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

ఇప్పుడు స్ఫటికం కట్టకుండానే నిర్మాణం చూసే దారి వచ్చింది. వైరస్ ద్రవాన్ని పలచటి పొరగా చేసి ద్రవ ఈథేన్‌లో క్షణంలో గడ్డకట్టించి, వేల బొమ్మలు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. ఈ క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి 2017లో నోబెల్ దక్కింది. స్ఫటికానికి లొంగని వైరస్‌లకు ఇది వరం. అయినా ఆ గొట్టంలో నీలి పట్టీ తేరకపోతే ఈ యంత్రమూ ఏమీ చేయలేదు.

నిర్మాణం తెలిస్తే ఎక్కడ విరగ్గొట్టాలో, ఎక్కడ అతికించాలో తెలుస్తుంది. అవిసె వైరస్ ఖాళీ పెంకు మీద వేరే ప్రొటీన్ భాగాన్ని అతికించి, యాంటీబాడీలను కణంలోకి మోసుకెళ్లే వాహనంగా ఇదే సంస్థలో మలిచారు. వేరుశనగ మొవ్వుకుళ్లు, టమాటా ఆకుముడత, మినుము పల్లాకు తెగులు మన రైతుల్ని ఏటా దెబ్బతీస్తున్నాయి. వాటి వైరస్‌లన్నిటికీ ఇంత ఓపికైన పని జరగాలి. ఆకు నూరడం దగ్గర మొదలుపెట్టి అణువు దాకా వెళ్లే ఓపిక ఉన్న పిల్లలు కావాలి. ఈ సంస్థ ఏటా ఒక రోజు, సాధారణంగా వేసవి మొదట్లో, తలుపులన్నీ తెరిచి అందర్నీ రానిస్తుంది. ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే ఆ రోజు వెంటబెట్టుకు వెళ్లండి. పెద్ద యంత్రాల దగ్గర ఆగే ముందు, వైరస్‌ను ఆకులోంచి ఎలా తీస్తారో చూపించమని అడగండి.